రోడ్డుకూ ట్రాక్‌కూ నడుమ బ్రేక్ ప్యాడ్: ఖమ్మం–భద్రాచలం అటవీ మార్గం నేపథ్యంలో స్పోర్ట్స్ కారు ప్యాడ్ల ఎంపిక

వ్యాస సంగ్రహం:

వారమంతా సాధారణ రహదారిపై నడిచి, అప్పుడప్పుడు పందెపు ట్రాక్‌పైకి వెళ్లే స్పోర్ట్స్ కారుకు ఏ బ్రేక్ ప్యాడ్ తగినది అన్న ప్రశ్నకు ‘ఏది శ్రేష్ఠం’ అనే కొలమానంతో సమాధానం దొరకదు. ప్రతి ప్యాడ్‌కూ తాను సక్రమంగా పనిచేసే ఒక ఉష్ణోగ్రతా పరిధి ఉంటుంది. ఆ పరిధికి దిగువన పట్టు చాలదు, ఎగువన పట్టు సడలుతుంది. ఖమ్మం నుంచి భద్రాచలం, చింతూరు మీదుగా మారేడుమిల్లి వైపు సాగే అటవీ మార్గంలో చదును రోడ్డు, ఘాట్ దిగుడు, వానకాలపు తడి, శీతకాలపు వేకువ అన్నీ ఎదురవుతాయి. ఈ మార్గాన్ని ఉదాహరణగా గ్రహించి, బ్రేకులో పుట్టే వేడిని సులభ గణితంతో అంచనా వేసి, ప్యాడ్ల ఎంపికకు ఒక హేతుబద్ధమైన క్రమాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రహదారికీ ట్రాక్‌కూ వేర్వేరు జతలు వాడటమే సురక్షితమని, ట్రాక్ జతతో ఊరి దారిన ప్రయాణించడం వల్ల కలిగే ప్రమాదాన్ని కారు యజమాని కంటే ఎక్కువగా దారిన పోయేవారు భరించవలసి వస్తుందని నిరూపిస్తుంది.

కీలక పదాలు: బ్రేక్ ప్యాడ్, ఘర్షణ గుణకం, ఉష్ణోగ్రతా పరిధి, ఫేడ్, ఘాట్ రోడ్డు, ట్రాక్, భద్రాచలం, మారేడుమిల్లి.

1. ఉపోద్ఘాతం:

వాహనానికి వేగాన్ని ఇచ్చే ఇంజను గురించి జరిగినంత చర్చ, ఆ వేగాన్ని అదుపు చేసే బ్రేకు గురించి జరగదు. శక్తిమంతమైన కారు కొన్న వ్యక్తి మొదట మార్చాలనుకునే భాగాల్లో బ్రేక్ ప్యాడ్ ఒకటి. విడిభాగాల దుకాణంలో ‘రేసింగ్ ప్యాడ్’ అన్న మాట వినబడగానే అది మామూలు ప్యాడ్ కంటే అన్ని విధాలా మెరుగైనదన్న నమ్మకం కలుగుతుంది. ధర ఎక్కువ కనుక పట్టు కూడా ఎక్కువే ఉంటుందన్న ఊహ దీనికి తోడవుతుంది. ఈ నమ్మకం సగం మాత్రమే నిజం. మిగిలిన సగంలోనే అపాయం ఉంది.

ఈ విషయాన్ని పరిశీలించడానికి ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు అనువైన క్షేత్రం. ఈ ప్రాంతంలో పందెపు ట్రాక్ లేదు. ట్రాక్‌పై కారు నడపాలనుకునే ఖమ్మం వాసి చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైకి గాని, కోయంబత్తూరులోని కారీ మోటార్ స్పీడ్‌వేకు గాని వెళ్లవచ్చు. 1990లో ప్రారంభమైన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. దానిని చేరడానికి ఖమ్మం నుంచి ఐదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. అంటే ట్రాక్‌పై తిరిగే ప్రతి కిలోమీటరుకూ ముందూ వెనుకా మామూలు రోడ్డు ఎంతో ఉంటుంది. ఎంపిక సమస్య ఇక్కడే మొదలవుతుంది.

2. మార్గ స్వరూపం:

ఖమ్మం నుంచి తల్లాడ, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం, అక్కడి నుంచి పాల్వంచ మీదుగా గోదావరి దాటి భద్రాచలం చేరే దారి సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం పరిసరాల్లో సింగరేణి బొగ్గు లారీల రాకపోకలు ఎక్కువ. పాల్వంచ దాటాక దారికి ఇరువైపులా అడవి కనిపిస్తుంది. భద్రాచలం నుంచి రోడ్డు ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు వైపు సాగుతుంది. 2014 రాష్ట్ర విభజన సమయంలో పోలవరం ప్రాజెక్టు కారణంగా ఆంధ్రప్రదేశ్‌లో చేరిన మండలాల్లో చింతూరు ఒకటి. చింతూరు నుంచి మారేడుమిల్లి వైపు మలుపులతో కూడిన ఘాట్ రోడ్డు ఉంది.

ఈ దారి వాహనాలది మాత్రమే కాదు. కోయ, కొండరెడ్డి గూడేల ప్రజలు వారపు సంతలకు ఈ రోడ్డు వెంటే నడుస్తారు. పశువులు, మేకల మందలు దారి దాటుతుంటాయి. శ్రీరామనవమికి మండుటెండలో, ముక్కోటి ఏకాదశికి చలి వేకువలో భక్తులు భద్రాచలం చేరుకుంటారు. వేసవిలో ఈ ప్రాంతపు పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం అసాధారణం కాదు. వానకాలంలో రోడ్డు మీదికి ఎర్రమట్టి, రాలిన ఆకులు కొట్టుకువస్తాయి. కాబట్టి ఇక్కడ బ్రేకుకు రెండు లక్షణాలు తప్పనిసరి. మొదటిది, చల్లగా ఉన్నప్పుడు మొదటి నొక్కుకే పట్టడం. రెండవది, ఘాట్ దిగుతున్నంతసేపూ ఆ పట్టు నిలుపుకోవడం.

3. వేడి లెక్క:

బ్రేకు వేగాన్ని మాయం చేయదు. గతిశక్తిని ఉష్ణశక్తిగా మారుస్తుంది. ప్యాడ్ డిస్క్‌ను ఒరుసుకున్నప్పుడు పుట్టే ఈ వేడిలో అధిక భాగం డిస్క్‌లోకి, కొంత ప్యాడ్‌లోకి వెళుతుంది. వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. ట్రాక్‌కూ రోడ్డుకూ ఉన్న భేదమంతా ఈ ఒక్క సూత్రంలో ఇమిడి ఉంది.

ఉదాహరణకు 1,500 కిలోల బరువున్న కారును తీసుకుందాం. దానికి ముందు చక్రాల డిస్క్‌లు ఒక్కొక్కటి 9 కిలోల పోత ఇనుముతో చేసినవని, బ్రేకు భారంలో 70 శాతం ముందు చక్రాలపై పడుతుందని, వేడి అంతా డిస్క్‌లోకే చేరుతుందని అనుకుందాం. పోత ఇనుము ఒక కిలో ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 0.46 కిలోజౌళ్లు కావాలి.

అ) గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే వెలువడే శక్తి 208 కిలోజౌళ్లు. ఒక్కో ముందు డిస్క్ ఉష్ణోగ్రత సుమారు 18 డిగ్రీలు పెరుగుతుంది.

ఆ) గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే 579 కిలోజౌళ్లు. పెరుగుదల సుమారు 49 డిగ్రీలు.

ఇ) ట్రాక్‌పై నేరుబాట చివర 200 నుంచి 80 కిలోమీటర్లకు వేగం తగ్గిస్తే 1,944 కిలోజౌళ్లు. పెరుగుదల సుమారు 164 డిగ్రీలు.

మూడవ ఉదాహరణలో కారు ఆగనే లేదు. అయినా వేడి మొదటిదానికి తొమ్మిది రెట్లకు పైగా ఉంది. పైగా ఊరి రోడ్డుపై ఒకసారి గట్టిగా బ్రేకు వేశాక మళ్లీ వేసేలోగా డిస్క్ చల్లారుతుంది. ట్రాక్‌పై ఆ వ్యవధి కొన్ని సెకన్లే. చల్లారకముందే తరువాతి మలుపు వస్తుంది. అందువల్ల ప్రతి చుట్టుకూ వేడి పేరుకుంటుంది. సాధారణ రోడ్డుపై డిస్క్ ఉష్ణోగ్రత 100, 200 డిగ్రీల మధ్య తిరుగాడితే, ట్రాక్‌పై అది 400 దాటి 600 డిగ్రీల దాకా పోవచ్చు.

వేడిని నిర్ణయించేది రోడ్డు కాదు, దానిపై సాగే వేగమూ, బ్రేకు పునరావృతమూ. దీనికి హైదరాబాదే నిదర్శనం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరంలో ఫార్ములా ఈ పందెం జరిగిన సుమారు 2.8 కిలోమీటర్ల వలయం నగరవాసులు రోజూ తిరిగే రోడ్లతో ఏర్పడినదే. అదే తారు మీద నిన్న ఆటో నడిచింది, నేడు పందెపు కారు నడిచింది. ఆ పందెంలో పాల్గొన్న మూడవ తరం కార్లలో వెనుక చక్రాలకు మామూలు ఘర్షణ బ్రేకులే లేవు. వేగాన్ని తగ్గించే పనిని ప్రధానంగా విద్యుత్ మోటార్లు చేసి, ఆ శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీకి తిరిగి చేర్చాయి. పెట్రోలు కారుకు ఆ అవకాశం లేదు. దాని శక్తి అంతా ప్యాడ్ల నడుమ వేడిగానే తేలాలి.

4. ప్యాడ్ నిర్మాణం, రకాలు:

బ్రేకు ఒరపు పదార్థాల చరిత్ర కొండ దారులతోనే మొదలైంది. ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల్లో బరువు బండ్లు దిగేటప్పుడు చెక్క బ్రేకులు అరిగిపోవడం గమనించిన హెర్బర్ట్ ఫ్రూడ్, 1897లో ఒరపు పదార్థాల తయారీకి పూనుకున్నాడు. ఆయన నెలకొల్పిన సంస్థే ఫెరోడో. డిస్క్ బ్రేకుకు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో పేటెంటు పొందినా, 1953 లె మాన్ పందెంలో డిస్క్ బ్రేకులు అమర్చిన జాగ్వార్ కారు గెలిచిన తరువాతే దాని సామర్థ్యం లోకానికి తెలిసివచ్చింది.

ప్యాడ్ అనేది ఒక మిశ్రమం. ఉక్కు పలకపై అతికించిన ఈ మిశ్రమంలో బంధకంగా ఫినాలిక్ రెజిన్, బలానికి నార పోగులు, పట్టుకు గరుకు రేణువులు, ఒరపును నియంత్రించడానికి గ్రాఫైట్ వంటి కందెనలు, వేడిని ప్రసరింపజేయడానికి లోహపు పొడి ఉంటాయి. వీటి పాళ్లను బట్టి ప్యాడ్ స్వభావం మారుతుంది.

సేంద్రియ ప్యాడ్లు మెత్తనివి, శబ్దం చేయవు, డిస్క్‌ను తక్కువగా అరగదీస్తాయి, చల్లగా ఉన్నప్పుడు చక్కగా పడతాయి. అయితే అధిక వేడిని తట్టుకోలేవు. సిరామిక్ ప్యాడ్లు వీటికి మెరుగైన రూపం. దుమ్ము తక్కువ, మన్నిక ఎక్కువ. ‘సిరామిక్ ప్యాడ్’ వేరు, అత్యంత ఖరీదైన కార్లకు ఉండే ‘కార్బన్ సిరామిక్ డిస్క్’ వేరు. పేరు పోలికను చూసి రెండింటినీ ఒకటిగా భావించరాదు. సెమీ మెటాలిక్ ప్యాడ్లలో ఉక్కు పోగులు, ఇనుప పొడి ఎక్కువ. వేడిని బాగా తట్టుకుంటాయి, కాని శబ్దం, దుమ్ము, డిస్క్ అరుగుదల అధికం. పూర్తిగా ట్రాక్ కోసం చేసిన ప్యాడ్లు 600 డిగ్రీలకు పైన కూడా పట్టు నిలుపుకుంటాయి. వాటిలో చాలావాటికి 150 నుంచి 200 డిగ్రీలు దాటితే గాని పూర్తి పట్టు రాదు.

ప్యాడ్ రెండు విధాలుగా పట్టు సాధిస్తుంది. గరుకు రేణువులు డిస్క్‌ను గీరడం మొదటిది. ప్యాడ్ పదార్థం పలుచని పొరగా డిస్క్‌పై పరుచుకొని, ఆ పొరకూ ప్యాడ్‌కూ మధ్య అంటు ఏర్పడటం రెండవది. ట్రాక్ ప్యాడ్ రెండవ విధానంపై ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ పొర నిలవాలంటే వేడి కావాలి. చల్లగా ఉన్న ట్రాక్ ప్యాడ్‌తో ఊళ్లో తిరిగితే అది డిస్క్‌ను గీరుతూ పొరను చెరిపివేస్తుంది, కీచుమని అరుస్తుంది, డిస్క్‌ను త్వరగా తినేస్తుంది.

మితిమీరిన వేడిలో మామూలు ప్యాడ్ పరిస్థితి దీనికి భిన్నం. 300 నుంచి 400 డిగ్రీల ప్రాంతంలో రెజిన్ విచ్ఛిన్నమై వాయువులు వెలువడతాయి, ఘర్షణ గుణకం పడిపోతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. దీనినే ఫేడ్ అంటారు.

5. చల్లని ప్యాడ్‌తో మొదటి నొక్కు:

ఫేడ్ గురించి అందరికీ తెలుసు. చల్లని ట్రాక్ ప్యాడ్ తెచ్చే అపాయం గురించి అంతగా ఎవరూ మాట్లాడరు. ముక్కోటి నాటి వేకువలో భద్రాచలానికి బయలుదేరిన కారును ఊహించవచ్చు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద చాలాసేపు బ్రేకు అవసరం పడదు. డిస్క్‌లు గాలికి పూర్తిగా చల్లబడి ఉంటాయి. అడవి మలుపులో ఒక పశువు అడ్డువస్తుంది. ఆ క్షణాన మొదటి నొక్కుకు బ్రేకు ఎంత పడుతుందన్నదే ముఖ్యం.

ఒక ప్యాడ్ ఘర్షణ గుణకం చల్లగా ఉన్నప్పుడు 0.42 అని, ట్రాక్ ప్యాడ్‌ది అదే స్థితిలో 0.25 అని అనుకుందాం. మొదటి ప్యాడ్‌తో ఒక నిర్ణీత బలంతో పెడల్ నొక్కితే గురుత్వ త్వరణంలో 0.7 వంతు వేగక్షయం వస్తుందనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. అదే బలంతో రెండవ ప్యాడ్‌కు సుమారు 34 మీటర్లు కావాలి. తేడా 14 మీటర్లు. మరొక విధంగా చెప్పాలంటే, మొదటి కారు పూర్తిగా ఆగిన చోట రెండవ కారు ఇంకా గంటకు 38 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటుంది. ఆ వేగంతో తగిలే దెబ్బ పాదచారి ప్రాణం తీయగలదు.

చోదకుడు మరింత గట్టిగా నొక్కవచ్చు కదా అన్న వాదం ఉంది. నొక్కవచ్చు. కాని బ్రేకు పట్టలేదని గ్రహించి, మళ్లీ బలం పెంచడానికి పట్టే అర సెకనులో 60 కిలోమీటర్ల వేగం మీద కారు 8 మీటర్లకు పైగా ముందుకు సాగుతుంది. ట్రాక్‌పై మొదటి చుట్టు బ్రేకులు, టైర్లు వేడెక్కించడానికే వినియోగిస్తారు. రోడ్డుపై అటువంటి సన్నాహపు చుట్టు ఎవరికీ లభించదు.

6. ఘాట్ దిగుడు:

రోడ్డుకూ ట్రాక్‌కూ మధ్య ఘాట్ మూడవ స్థితి. ఇక్కడ వేగం తక్కువ, కాని బ్రేకు వినియోగం ఎడతెగనిది. శక్తి గతిశక్తి నుంచి కాక స్థితిశక్తి నుంచి వస్తుంది. పై ఉదాహరణలోని 1,500 కిలోల కారు 5 కిలోమీటర్ల దూరంలో 300 మీటర్ల ఎత్తు దిగిందనుకుంటే విడుదలయ్యే శక్తి సుమారు 4,400 కిలోజౌళ్లు. ఇది గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి 21 సార్లు పూర్తిగా ఆగినదానితో సమానం.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగితే ఇందులో సుమారు నాలుగో వంతు టైర్ల ఒరిపిడికి, గాలి నిరోధానికి పోతుంది. మిగిలిన 3,300 కిలోజౌళ్లను ఇంజనుతో గాని, బ్రేకుతో గాని అరికట్టాలి. గేరును న్యూట్రల్‌లో ఉంచి, కాలు బ్రేకు మీదే ఆనించి దిగితే ఆ భారమంతా ప్యాడ్లపైనే పడుతుంది. చల్లారడాన్ని లెక్కించకపోతే ఒక్కో ముందు డిస్క్ సుమారు 280 డిగ్రీలు వేడెక్కుతుంది. నెమ్మదిగా సాగే కారుకు గాలి తక్కువగా తగలడం వల్ల చల్లారడం కూడా మందంగానే ఉంటుంది. మామూలు ప్యాడ్ తన పరిమితికి దగ్గరయ్యేది ఇక్కడే.

దీనికి పరిష్కారం ట్రాక్ ప్యాడ్ కాదు. రెండవ గేరులో దిగితే ఇంజనే భారంలో పెద్ద వాటాను మోస్తుంది. కాలు ఆనించి ఉంచడం కంటే, అవసరమైనప్పుడు గట్టిగా నొక్కి పూర్తిగా వదిలివేస్తే మధ్యలో ప్యాడ్లకు గాలి అందుతుంది. లారీ చోదకులు తరతరాలుగా పాటించే ‘ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు’ అన్న నియమం వెనుక ఉన్న శాస్త్రం ఇదే. ఘాట్ కోసం ప్యాడ్ ఎంచుకునేవారు చల్లని పట్టును వదులుకోకుండా 450, 500 డిగ్రీల దాకా నిలిచే మధ్యస్థ ప్యాడ్‌ను చూసుకోవాలి.

7. ప్యాడ్‌పై అక్షరాల అర్థం:

చాలా ప్యాడ్ల అంచున తయారీ వివరాలతో పాటు రెండు ఆంగ్లాక్షరాలు ముద్రించి ఉంటాయి. అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం రూపొందించిన ఈ సంకేతంలో మొదటి అక్షరం సాధారణ ఉష్ణోగ్రతలో, రెండవది అధిక ఉష్ణోగ్రతలో ఘర్షణ గుణకపు శ్రేణిని తెలుపుతుంది. ‘ఇ’ అంటే 0.25 నుంచి 0.35 వరకు, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45 వరకు, ‘జి’ అంటే 0.45 నుంచి 0.55 వరకు. ‘ఎఫ్ ఇ’ అని ఉంటే వేడిలో పట్టు తగ్గుతుందని, ‘ఎఫ్ ఎఫ్’ అని ఉంటే రెండు స్థితుల్లోనూ ఒకే శ్రేణిలో ఉంటుందని గ్రహించాలి.

ఈ సంకేతానికి పరిమితులు ఉన్నాయి. చిన్న ముక్కను యంత్రంపై ఒరిపించి చేసే ఈ పరీక్షలో సాధారణ స్థితి అంటే దాదాపు 93 నుంచి 204 డిగ్రీల దాకా, వేడి స్థితి దాదాపు 343 డిగ్రీల దాకా మాత్రమే. వేకువ చలిలో మొదటి నొక్కు గురించి గాని, ట్రాక్‌పై 500 డిగ్రీల గురించి గాని ఈ అక్షరాలు ఏమీ చెప్పవు. కాబట్టి తయారీదారు ఇచ్చే ఉష్ణోగ్రత–ఘర్షణ గుణకపు రేఖాచిత్రాన్ని పరిశీలించడం మేలు. ఆ రేఖ గరిష్ఠ బిందువు ఎంత ఎత్తున ఉందన్నది కాదు, వాహనం తిరిగే ఉష్ణోగ్రతల మధ్య ఎంత సమంగా ఉందన్నది చూడాలి.

ఐరోపాలో అమలులో ఉన్న ఆర్–90 నిబంధన ప్రకారం మార్పిడి ప్యాడ్ల పనితీరు కారుతో వచ్చిన ప్యాడ్ల పనితీరుకు 15 శాతానికి మించి భిన్నంగా ఉండరాదు. అంటే తక్కువ పట్టే కాదు, మరీ ఎక్కువ పట్టు కూడా లోపమే. దీనికి కారణం తరువాతి విభాగంలో తెలుస్తుంది.

8. ప్యాడ్ ఒంటరి భాగం కాదు:

8.1. ముందు వెనుకల సమతౌల్యం: కారు తయారీదారు ముందు, వెనుక బ్రేకుల పాళ్లను లెక్కించి నిర్ణయిస్తాడు. వెనుక చక్రాలకు మాత్రమే అధిక పట్టు గల ప్యాడ్లు వేస్తే, గట్టి బ్రేకులో వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొని కారు తిరగబడే ధోరణి చూపుతుంది. ముందు చక్రాలకు మాత్రమే వేస్తే వెనుక బ్రేకుల వినియోగం తగ్గి, ముందు డిస్క్‌లపై వేడి పెరుగుతుంది. ఏబీఎస్ ఈ లోపాన్ని కొంత కప్పిపుచ్చగలదు, పూర్తిగా సరిచేయలేదు. ఒకే శ్రేణి ప్యాడ్లను నాలుగు చక్రాలకూ అమర్చడం ఉత్తమం.

8.2. బ్రేక్ ఆయిల్: ప్యాడ్ వేడి క్యాలిపర్ ద్వారా బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. ఆయిల్ మరిగితే అందులో ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ మెత్తగా నేలకు తగులుతుంది. ప్యాడ్ ఫేడ్‌లో పెడల్ గట్టిగా ఉంటుంది, ఆయిల్ మరిగినప్పుడు మెత్తబడుతుంది. ఈ భేదాన్ని గుర్తిస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ప్రమాణాల ప్రకారం డాట్–3 ఆయిల్ కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలు, తేమ పీల్చాక 140 డిగ్రీలు. డాట్–4కు ఇవి 230, 155. డాట్–5.1కు 260, 180. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. గోదావరి తీరపు వానకాలపు తేమలో నిలిచిన కారును ఆయిల్ మార్చకుండా ట్రాక్‌పైకి తీసుకువెళితే ఎంత ఖరీదైన ప్యాడైనా కాపాడదు.

8.3. డిస్క్: కొత్త ప్యాడ్లు వేశాక వాటిని డిస్క్‌కు అలవాటు చేయాలి. జనసంచారం లేని నేరుబాటలో మధ్యస్థ వేగం నుంచి పూర్తిగా ఆగకుండా పలుమార్లు వేగం తగ్గించి, తరువాత బ్రేకు వేయకుండా కొంత దూరం నడిపి చల్లార్చడం సాధారణ పద్ధతి. ఖచ్చితమైన క్రమం తయారీదారు సూచించినదే పాటించాలి. వేడి ప్యాడ్‌ను ఒకేచోట నొక్కి ఉంచితే డిస్క్‌పై ప్యాడ్ పదార్థం మచ్చలా అంటుకుంటుంది. తరువాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది. దీనిని ‘డిస్క్ వంకరపోయింది’ అని షెడ్డుల్లో అంటుంటారు. అనేక సందర్భాల్లో అసలు కారణం ఈ మచ్చే. అందుకే ట్రాక్ దిగే ముందు ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి డిస్క్‌లను చల్లార్చాలి. ఆపిన వెంటనే హ్యాండ్ బ్రేకు వేయరాదు.

8.4. వాన, మట్టి: తడిసిన డిస్క్‌పై మొదటి నొక్కుకు ఏ ప్యాడైనా కొంత ఆలస్యంగా పడుతుంది. చల్లని ట్రాక్ ప్యాడ్ విషయంలో ఈ ఆలస్యం, ముందే ఉన్న పట్టు లోపానికి తోడవుతుంది. అటవీ మార్గంలో వాగు నీరు దాటాక పెడల్‌ను తేలికగా నొక్కుతూ కొంత దూరం నడిపి డిస్క్‌లను ఆరబెట్టుకోవాలి. ఎర్రమట్టి రేణువులు ప్యాడ్–డిస్క్‌ల మధ్య చేరితే అరుగుదల హెచ్చుతుంది.

9. ఎంపిక క్రమం:

పై చర్చను బట్టి ఎంపికకు ఈ క్రమాన్ని ప్రతిపాదించవచ్చు.

మొదట, కారు ఎక్కడ ఎంత తిరుగుతుందో నిజాయితీగా లెక్కించుకోవాలి. ఏడాదికి రెండు రోజులు ట్రాక్‌పై తిరిగే కారు మిగిలిన 363 రోజులూ రోడ్డు కారే.

రెండవది, ఊహకు బదులు కొలతను ఆశ్రయించాలి. ఘాట్ దిగిన వెంటనే సురక్షితమైన చోట ఆపి పరారుణ థర్మామీటరుతో డిస్క్ ఉష్ణోగ్రతను చూడవచ్చు. ట్రాక్‌పై చేరిన గరిష్ఠ ఉష్ణోగ్రత తెలియడానికి, వేడికి రంగు మారే ప్రత్యేక పూతను డిస్క్ అంచున పూస్తారు. ఆ కొలతలకు సరిపడే పరిధి గల ప్యాడ్‌ను ఎంచుకోవాలి.

మూడవది, మామూలు రోడ్డుతో పాటు అప్పుడప్పుడు ఘాట్ ప్రయాణం మాత్రమే ఉంటే కారుతో వచ్చిన ప్యాడ్లు గాని, వాటి స్థాయి సిరామిక్ ప్యాడ్లు గాని చాలు. అక్కడ మార్చుకోవలసింది ప్యాడ్ కాదు, దిగే పద్ధతి.

నాలుగవది, పరిచయం కోసం ట్రాక్‌పై కొద్ది చుట్లు మాత్రమే తిరిగేవారికి మధ్యస్థ ప్యాడ్, తాజా డాట్–4 లేదా డాట్–5.1 ఆయిల్ సరిపోతాయి. పెడల్ స్వభావం మారిన మరుక్షణం ట్రాక్ దిగిపోవాలి.

ఐదవది, ట్రాక్‌పై తీవ్రంగా నడిపేవారు రెండు జతలు ఉంచుకోవాలి. ట్రాక్ జతను డిక్కీలో తీసుకువెళ్లి అక్కడే మార్చుకొని, తిరుగు ప్రయాణానికి ముందు రోడ్డు జతను మళ్లీ వేయాలి. చాలా కార్లకు ముందు ప్యాడ్లు మార్చడం అనుభవమున్న మెకానిక్‌కు గంటలోపు పని. వేర్వేరు మిశ్రమాల పొరలు ఒకదానిపై ఒకటి పడకుండా వీలైతే డిస్క్‌లను కూడా జతగా మార్చడం మేలు. ట్రాక్‌కు వెళ్లే ప్యాడ్‌లో కనీసం సగం మందం మిగిలి ఉండాలి. పలుచబడిన ప్యాడ్ వేడిని అడ్డుకోలేక ఆయిల్‌కు త్వరగా చేరవేస్తుంది.

రెండు జతలకు అయ్యే ఖర్చును అభ్యంతరంగా చూపవచ్చు. అయితే రెండు జతలు ఉన్నప్పుడు ఒక్కొక్కటి తన పరిధిలోనే అరుగుతుంది. చల్లని ట్రాక్ ప్యాడ్ తినేసే డిస్క్‌లు, వేడికి మాడిపోయే రోడ్డు ప్యాడ్లు, రెండు నష్టాలూ తప్పుతాయి. దీర్ఘకాలంలో వ్యయపు తేడా చూసినంత పెద్దది కాదు.

10. ముగింపు:

అన్ని ఉష్ణోగ్రతల్లోనూ సమానంగా పట్టే ప్యాడ్ లేదు. ఒక కొసన పట్టు పెంచితే మరొక కొసన తగ్గుతుంది. కనుక ఎంపిక అంటే ఏ కొసను వదులుకోవాలో తెలిసి నిర్ణయించడం. ట్రాక్‌పై పట్టు తప్పితే కారు పక్కనున్న ఇసుకలోకో, రక్షణ గోడకో పోతుంది. అక్కడ ఉన్నవారందరూ ఆ అపాయాన్ని అంగీకరించి, హెల్మెట్ ధరించి వచ్చినవారే. పాల్వంచ దాటిన అడవి మలుపులో, చింతూరు సంత దారిలో ఎదురయ్యేవారు అటువంటి అంగీకారం ఎవరికీ ఇవ్వలేదు. అందువల్ల రోడ్డుపై నడిచే కారు వదులుకోదగినది వేడి కొసను మాత్రమే, చల్లని కొసను కాదు. ట్రాక్‌పై ఒక చుట్టులో కలిసివచ్చే రెండు సెకన్ల కంటే, వేకువ చలిలో మొదటి నొక్కుకు మిగిలే 14 మీటర్లు విలువైనవి.